వీధి చివరి కొళాయి నీళ్లు పరీక్షించండి: మా మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి, మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగం వాళ్లకు, వార్డు సచివాలయాల్లో నీళ్ల పని చూసే ఎమినిటీస్ సెక్రటరీలకు నమస్కారం.

నేను మీ మున్సిపాలిటీ పరిధిలోనే మెడికల్ షాపు నడుపుకుంటున్నాను. మనది చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం అని మాత్రం చెప్తాను, ఊరి పేరు రాయను. పేరు రాస్తే ఇదేదో ఒక ఊరి గొడవ అనుకుని పక్క ఊరివాళ్లు చదవడం మానేస్తారు. పక్క పట్టణాల్లో ఉన్న మా చుట్టాలు ఫోన్ చేసినప్పుడు చెప్పేదీ ఇదే సంగతి కాబట్టి వాళ్లూ చదవాలని నా కోరిక.

అడిగేది ఒక్కటే. తాగునీటికి మీరు చేయించే పరీక్షలు ట్యాంకు దగ్గరే ఆపేయకుండా వీధి చివరి కొళాయి దాకా తీసుకురండి, వచ్చిన ఫలితాన్ని వార్డు సచివాలయం బోర్డు మీద తెలుగులో రాసి పెట్టండి. ఎందుకు అడుగుతున్నానో కింద వివరంగా రాస్తున్నాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

మందుల షాపులో కూర్చున్నవాడికి ఊళ్లో నీళ్లు చెడిన సంగతి అందరికంటే ముందే తెలుస్తుంది. గట్టి వాన పడి రెండు మూడు రోజులు గడిస్తే చాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింక్ మాత్రలు, వాంతులు ఆగే సిరప్ అడిగేవాళ్లు జాస్తి అవుతారు. చిన్న ఊరు కదా, వచ్చేవాళ్ల ముఖాలు తెలుసు, ఏ వీధో కూడా తెలుసు. ట్యాంకు పక్క వీధుల నుంచి వచ్చేవాళ్లు తక్కువ. పల్లంలో ఉన్న వీధులు, పైపులైను చివర ఉన్న కాలనీలు, మురికి కాలువ ఒడ్డున ఇళ్లు ఉన్నవాళ్లు, వీళ్లే మళ్లీ మళ్లీ వస్తారు. ఒక ఇంట్లో పిలకాయలకు బేదులు మొదలైతే ఆ సాయంత్రానికి పక్కింటి నుంచి కూడా వస్తారు. హోటల్లో తిన్నదో, పెళ్లి భోజనమో అయితే ఇట్లా వీధి పట్టుకుని రాదు. దీన్ని పరీక్ష అనను, రుజువు అని కూడా అనను. కానీ ఇన్నేళ్లుగా ఒకే వీధుల నుంచి ఒకే మందులు అడుగుతుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

ఈ మాట ఇంతకుముందు మీ ఆఫీసులో చెప్పాను. "నీళ్లు టెస్ట్ చేస్తూనే ఉన్నాం సార్, క్లోరిన్ కరెక్టుగా ఉంది" అన్నారు. శాంపిల్ ఎక్కడ తీశారని అడిగితే ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర అని చెప్పారు. ఆ మాట నేను పూర్తిగా నమ్ముతున్నాను. ట్యాంకులో నీళ్లు బాగానే ఉంటాయి. నీళ్లు పాడయ్యేది ట్యాంకు దాటిన తర్వాత.

ఎట్లాగో మీ ఇంజనీర్లకు నాకంటే బాగా తెలుసు, అయినా ఈ లేఖ చదివే ఊరివాళ్ల కోసం రాస్తున్నాను. మనకు రోజు మార్చి రోజు, అదీ ఒక గంట అటూ ఇటూ నీళ్లు వదులుతారు. నీళ్లు పారుతున్నంత సేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. వాల్వ్ కట్టేసిన తర్వాత ఆ ఒత్తిడి పోతుంది. అప్పుడు పైపు చుట్టూ ఏ తేమ ఉంటే దాన్ని అదే చిల్లు లోపలికి పీల్చుకుంటుంది. మన వీధుల్లో పైపు చుట్టూ ఏముంటుంది? మెయిన్ లైను నుంచి ఇంటికి వచ్చే కనెక్షన్ పైపు చాలా చోట్ల మురికి కాలువలో నుంచే దాటుతుంది. ఇనుప పైపు ఏళ్ల తరబడి ఆ మురుగులో నాని తుప్పు పట్టి ఉంటుంది, జాయింట్ దగ్గర సైకిల్ ట్యూబు చుట్టి కట్టినవీ ఉన్నాయి. దీనికి తోడు ఒత్తిడి చాలక ఇళ్లవాళ్లు కొళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు వేసినవాడి సంపు నిండుతుంది, అదే లాగుడుకు కాలువ నీళ్లు పైపులోకి వచ్చి మోటారు లేని పక్కింటి బిందెలో పడతాయి. మొదటి పది నిమిషాలు నీళ్లు పచ్చగా, వాసనగా వస్తాయని ఆడవాళ్లు చెప్పేది ఇందుకే. వాళ్లు ఆ నీళ్లు పారబోసి తర్వాతవి పట్టుకుంటారు. రంగు, వాసన పోయాయంటే సూక్ష్మజీవులు కూడా పోయినట్టు కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

క్లోరిన్ కలిపేది దారిలో వచ్చే ఈ చెడును చంపడానికి కూడా. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500, 2012లో సవరించినది. దాని ప్రకారం నీళ్లలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. అది మనిషి తాగే చోట, అంటే కొళాయి దగ్గర ఉండాలి. ట్యాంకులో దండిగా ఉన్నా, తుప్పు పట్టిన పైపుల్లో, మురుగు కలిసిన చోట అది ఖర్చైపోతూ వస్తుంది. చివరి ఇంటికి వచ్చేసరికి సున్నా అయిందంటే ఆ ఇంటికి ఏ రక్షణా లేనట్టే. అదే ప్రమాణంలో ఇంకో మాట కూడా ఉంది. 100 మిల్లీలీటర్ల శాంపిల్‌లో ఈ-కోలి అనే బ్యాక్టీరియా అసలు కనబడకూడదు. అది మనుషుల, పశువుల పేగుల్లో ఉండేది. నీళ్లలో కనబడిందంటే మలం కలిసిందని అర్థం, ఇందులో కొంచెం ఫర్వాలేదు అనే మాట లేదు.

మా వీధిలో కొందరం కలిసి హెచ్2ఎస్ సీసాలు తెప్పించాం. చాలా తేలికైన పరీక్ష ఇది. సీసాలో గీత దాకా నీళ్లు పట్టి మూత పెట్టి మామూలు గదిలోనే ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారతాయి. ట్యాంకుకు దగ్గరి ఇంటి నీళ్లు మారలేదు. మా వీధి చివర కాలువ పక్క ఇంటి కొళాయి నీళ్లు మరుసటి రోజుకే నల్లబడ్డాయి. ల్యాబ్ పరీక్షతో ఇది సమానం కాదని నాకు తెలుసు, అందుకే మీ మీద కేసు వేయడానికి పరిగెత్తకుండా ల్యాబ్ పరీక్ష చేయించమని మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ ఇంట్లో ఉండేది అవ్వ, ఇద్దరు చిన్న మనవళ్లు. ఆ సీసా చూసిన తర్వాత అవ్వ నన్ను అడిగింది, "మరి ఇన్ని రోజులూ తాగింది ఇదేనా నాయనా?" అని. నాకు జవాబు రాలేదు.

ఇది లేనిపోని భయం అనుకునేవాళ్లకు గుంటూరు గుర్తు చేస్తాను. 2018 మార్చిలో అక్కడ ఆనందపేట ప్రాంతంలో మురుగు తాగునీళ్లలో కలిసి వందల మంది ఆసుపత్రి పాలయ్యారు, పలువురు చనిపోయారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో మళ్లీ అదే, వాంతులు, బేదులతో ప్రాణాలు పోయాయి. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోతుంటే రోజుల తరబడి కారణం తేలలేదు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది, పురుగుమందుల మీదా అనుమానాలు వచ్చాయి. ఏలూరులో జరిగింది వేరే రకం, కానీ ఆ రోజుల్లో అక్కడి జనం పడిన టెన్షన్ తలుచుకోండి. తాగే నీళ్లు మంచివో కావో చెప్పే పాత రికార్డు వీధి వీధికీ ఉంటే, అట్లాంటి సమయంలో కనీసం వెతకాల్సిన చోటు తగ్గుతుంది. ప్రతిచోటా మనుషులు పడిపోయిన తర్వాతే శాంపిళ్లు తీస్తున్నారు. ముందే తీయడానికి అయ్యే ఖర్చు ఎంతని?

ఇప్పుడు బోరు నీళ్ల సంగతి. ఎండాకాలంలో చెరువు ఎండితే మీరు బోర్ల నుంచి ట్యాంకు నింపుతారు, ట్యాంకర్లూ తోలుతారు. మన జిల్లా చాలావరకు గ్రానైటు, నీస్ రాళ్ల నేల. ఎనిమిది వందలు, వెయ్యి అడుగులు దిగితే గానీ నీళ్లు పడని చోట్లు ఎన్నో. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఆ రాయిలోని ఫ్లోరైడ్ కరిగి దిగుతుంది. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించింది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోనే, అంటే ఇది ఎక్కడిదో దూరదేశపు జబ్బు కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్లు పిలకాయలు తాగితే వచ్చే పళ్ల మీద గోధుమరంగు గీతలు పడతాయి, ఎక్కువ ఏళ్లు తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఒకసారి వచ్చిన తర్వాత దాన్ని తగ్గించే మందు నా షాపులో లేదు, ఏ షాపులోనూ లేదు.

ఇంకోటి నైట్రేటు. దీని గురించి మాట్లాడేవాళ్లు మరీ తక్కువ. ఊళ్లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గొయ్యి. పక్కనే బోరు. చుట్టూ పొలాల్లో యూరియా. ఇవన్నీ కలిసి భూమిలోకి దిగేది నైట్రేటుగానే. ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దీనికి సడలింపు కూడా లేదు. దీని ముప్పు ముఖ్యంగా ఆరు నెలల లోపు పసిబిడ్డలకు, అదీ డబ్బాపాలు కలిపి పట్టేవాళ్లకు. రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ ఒళ్లు నీలంగా మారుతుంది. డబ్బాపాలు కొనడానికి వచ్చిన ప్రతి తల్లికీ "నీళ్లు కాచి చల్లార్చి కలపమ్మా" అని చెప్తాం. సూక్ష్మజీవులకు అది సరైన సలహానే. కానీ నైట్రేటు, ఫ్లోరైడ్ కాచితే పోవు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ఏ బోరులో నైట్రేటు ఎంతుందో తెలియకుండా ఆ తల్లికి ఏం చెప్పాలి నేను? మీ దగ్గర లెక్క ఉంటే ఇవ్వండి, లేకపోతే తీయించండి.

ఈ భయంతోనే ఊరంతా క్యాన్ నీళ్లకు అలవాటు పడింది. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల అనే ప్రభుత్వ తాగునీటి పథకం మొదలైనప్పుడు 20 లీటర్లు 2 రూపాయలకే అన్నారు. ఇప్పుడు వీధికో ప్రైవేటు ప్లాంటు. కొనగలిగినవాళ్లు కొంటున్నారు, కూలికి పోయేవాళ్లు కొళాయి నీళ్లే తాగుతున్నారు. జబ్బు కూడా వాళ్లకే వస్తోంది, మందుల ఖర్చూ వాళ్లకే, కూలి పోయేదీ వాళ్లకే. క్యాన్ నీళ్లయినా మంచివేనా అంటే అదీ చెప్పలేం. సీలు వేసి అమ్మే నీళ్లకు ఐఎస్ 14543 అనే ప్రమాణం ఉంది. లూజుగా క్యాన్లలో పట్టి ఇచ్చేవాటిని ఎవరు పరీక్షిస్తున్నారో మన ఊళ్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ప్లాంటువాళ్లు చిన్న టీడీఎస్ మీటరు ముంచి "చూడన్నా, 40 ఉంది, ప్యూర్" అని చూపిస్తారు. టీడీఎస్ అంటే కరిగిన లవణాల లెక్క మాత్రమే, బ్యాక్టీరియా ఉందో లేదో ఆ మీటరు చూపించదు. ఈ ప్లాంట్లలో నీళ్లు శుద్ధి చేసే ఆర్వో మిషన్‌లోని కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి ఆ నీళ్లకు రక్షణ ఇంకా తక్కువ, సరిగా కడగని క్యాన్‌లో పోస్తే అందులో సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. ఈ ప్లాంట్లను మూయమని నేను అడగను, అవి లేకపోతే చాలా ఇళ్లకు గడవదు. వాటి నీళ్లు కూడా పరీక్షించి ఆ ఫలితం ప్లాంటు గోడ మీద కనబడేట్టు పెట్టించండి.

కృష్ణా నీళ్లు వస్తే ఈ కష్టాలు తీరుతాయని కొందరంటారు. హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి నీళ్లు జిల్లాకు రావడం, తిరుపతికి కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు రావడం మంచి సంగతులే, ఎవరు కాదంటారు. కానీ వందల కిలోమీటర్లు వచ్చిన నీళ్లు కూడా మా ఇంటికి చేరాలంటే చివరి పది అడుగులు అదే మురికి కాలువలో ఉన్న అదే తుప్పు పైపు దాటాలి. ఆ పది అడుగులు బాగు చేయడానికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. కాలువ దాటే చోట పైపును పైకి లేపి, చిల్లు పడని కొత్త పైపు వేసి, చుట్టూ కేసింగ్ పెడితే చాలు. ఇది ఇంటి యజమాని బాధ్యత అని నోటీసు ఇచ్చి వదిలేస్తే జరగదు. పేదవాళ్ల ఇళ్లకు మీరే వేయించండి, మిగతావాళ్ల దగ్గర నీటి పన్నుతో పాటు వాయిదాల్లో వసూలు చేయండి. మేము కడతాం.

హక్కు గురించి కూడా ఒక మాట. హైదరాబాద్‌లో హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ నీళ్లు పాడవకూడదని ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు పేరుతో నడిచిన కేసులో, మంచి తాగునీరు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రభుత్వ ఆఫీసులు ఎవరూ అడగకముందే తమంతట తాము సమాచారం బయటపెట్టాలి. మా నీళ్ల రిపోర్టు కోసం మేము అర్జీలు పెట్టుకుని నెల రోజులు ఎదురుచూడటం ఆ చట్టం ఉద్దేశం కానే కాదు. ఆసుపత్రిలో రక్త పరీక్ష చేస్తే రిపోర్టు రోగి చేతికి ఇస్తారు, నీళ్ల పరీక్ష రిపోర్టు తాగేవాళ్లకు ఇవ్వడానికి అభ్యంతరం ఎందుకు?

మన వాల్వ్ తిప్పే మనుషుల మీద, బ్లీచింగ్ కలిపేవాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు వచ్చి, చేతికి గ్లౌజులు లేకుండా మురుగులో చెయ్యి పెట్టి లీకు సరిచేసేది వాళ్లే. ఎక్కడ లీకు ఉందో, ఏ ఇంటి పైపు ఎట్లా పోయిందో ఏ మ్యాపులోనూ లేనిది వాళ్ల తలలో ఉంది. వాళ్లకు క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపు ఒకటి ఇవ్వండి, వాడటం నేర్పండి. గొట్టంలో నీళ్లు పట్టి చుక్క మందు వేస్తే పసుపు రంగును బట్టి క్లోరిన్ ఎంతుందో నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంకో చిన్న సంగతి, బ్లీచింగ్ పౌడర్ మూటలు విప్పి తడి గదిలో పెడితే దాని బలం పోతుంది. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు, బలం పోయినది ఎంత వేసినా సరిపోదు. కలిపిన తర్వాత కనీసం అరగంట ఆగి వాల్వ్ తిప్పాలి. ఆ అరగంట ఆగే తీరిక వాళ్లకు ఇచ్చే టైం టేబుల్ మీరే వేయాలి. అది వాళ్ల చేతుల్లో లేదు.

కాబట్టి నేను అడిగేది మళ్లీ విడమరిచి చెప్తాను. నీళ్లు వదిలిన ప్రతి రోజూ ప్రతి వార్డులో లైను చివరి కొళాయి దగ్గర క్లోరిన్ చూసి రాయించండి. బ్యాక్టీరియా పరీక్షకు నెలకోసారి, వానాకాలంలో ఇంకా తరచుగా, శాంపిళ్లు ల్యాబ్‌కు పంపండి. అవి పల్లపు వీధుల నుంచి, కాలువ పక్క ఇళ్ల నుంచి తీయండి. ట్యాంకు నింపే ప్రతి బోరుకూ, ట్యాంకర్లు పట్టే ప్రతి బోరుకూ ఫ్లోరైడ్, నైట్రేటు ఎంతో వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తేల్చి ఆ అంకె బోరు దగ్గరే పెయింటుతో రాయించండి. ఎక్కువ ఉన్న బోరు నీళ్లు వాడుకకు మాత్రమే అని రాస్తే ఎవరూ మిమ్మల్ని తిట్టరు. చెప్పకుండా తాగిస్తేనే తిడతారు. వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు నుంచి మన వీధుల్లోనే ఉన్నాయి, ఎమినిటీస్ సెక్రటరీ ఉన్నారు, గోడకు బోర్డు ఉంది. కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. రిపోర్టు చెడుగా వస్తే దాచకండి. ఏ వీధిలో చెడిందో, ఎన్ని రోజుల్లో బాగు చేస్తారో, అప్పటిదాకా ఆ వీధికి మంచి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఆ మూడు సంగతులూ పక్కనే రాయండి.

ఊళ్లో వాళ్లకు కూడా ఒక విన్నపం. కొళాయికి నేరుగా మోటారు బిగించకండి, సంపులోకి నీళ్లు వాటంతట అవి పడనిచ్చి సంపు నుంచి పైకి లాగండి. మీ ఇంటి పైపు కాలువలో ఉందేమో ఈ ఆదివారం ఒకసారి చూసుకోండి. కొళాయి నీళ్లు తాగేవాళ్లు బాగా మసిలేదాకా కాచి తాగండి, ముఖ్యంగా వానలు పడుతున్నప్పుడు. పసిబిడ్డకు పాలు కలపడానికి బోరు నీళ్లు మాత్రం కాచినా వాడకండి, ఆ బోరు రిపోర్టు చూసేదాకా.

కమిషనర్ గారూ, మీ బదిలీ లోపల ఊరంతా పైపులు మార్చేయమని నేను అడగడం లేదు. మొదటి శాంపిల్ వచ్చే వారం మా వీధి చివర, కాలువ పక్కన ఉన్న ఆ అవ్వ వాళ్ల కొళాయి నుంచి తీయించండి. నీళ్లు వదిలే వేళకు నేను, వీధివాళ్లం అక్కడే ఉంటాం, శాంపిల్ తీసేవాళ్లకు కావాల్సిన సాయం చేస్తాం. రిపోర్టు వచ్చిన రోజు వార్డు సచివాలయంలో మా అందరి ముందు చదివి వినిపించండి.

ఇట్లు,
మీ పట్టణంలో మెడికల్ షాపు నడిపే ఒక పౌరుడు,
చిత్తూరు జిల్లా